అప్‌డేట్: ప్యాకింగ్ యూనిట్‌లో పోష్ శిక్షణ ఎలా పెట్టామంటే

హైదరాబాద్ శివార్లలోని మా ప్యాకింగ్ యూనిట్‌లో లైంగిక వేధింపుల నివారణ (పోష్) శిక్షణకు ఇంగ్లిష్ స్లైడ్లు సరిపోతాయా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సరిపోవు. తెలుగు, హిందీల్లో షిఫ్టులవారీగా పెట్టాం. 2013 పోష్ చట్టం కాంట్రాక్టు కార్మికులకూ వర్తిస్తుంది కాబట్టి వాళ్లనూ కూర్చోబెట్టాం.

ఎక్కువ సమయం ఫిర్యాదు ఎలా ఇవ్వాలన్నదానికే తీసుకున్నాం. చివరి ఘటన జరిగిన 3 నెలల్లోపు, ఇలాంటి ఫిర్యాదులు విచారించడానికి సంస్థలోనే ఉండే అంతర్గత కమిటీకి రాసి ఇవ్వాలి. తగిన కారణముంటే కమిటీ ఇంకో 3 నెలల వరకు పొడిగించవచ్చు. రాయడం రానివారికి కమిటీయే సాయం చేయాలి. ఫిర్యాదు 6 ప్రతులు కావాలి. అందులో ఒకటి 7 పనిదినాల్లో ఫిర్యాదు ఎవరి మీదో ఆ వ్యక్తికి వెళ్తుంది. విచారణ 90 రోజుల్లో ముగియాలి.

వ్యవహారం చెడేది సూపర్‌వైజర్ దగ్గరే. ‘నేను మాట్లాడి సర్దేస్తాలేమ్మా’ అంటాడు. ఆ సర్దుబాట్లలో గడువు దాటిపోతుంది, వేధింపు గురించి చెప్పినామె పేరు షెడ్డంతా పాకుతుంది. రాజీ బాధితురాలు కోరితేనే, అదీ కమిటీ ద్వారానే. డబ్బు ఇచ్చి తేల్చుకోవడం చట్టం ఒప్పుకోదు. సూపర్‌వైజర్లకు ఇది విడిగా చెప్పి తీరాలి.

కమిటీ సభ్యుల పేర్లు, నంబర్లు నోటీసు బోర్డుతో పాటు ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదిలోనూ అంటించాం. అందరూ తిరిగే చోట నిలబడి చదవడానికి చాలామంది జంకుతారు. కమిటీలో మా సంస్థకు చెందని బయటి సభ్యురాలి నంబర్ అన్నిటికన్నా పైన పెట్టాం.