అప్‌డేట్: ఐదేళ్ల పాపకు నల్లజాతి కుటుంబాల బొమ్మల పుస్తకాలు

అమెరికాలో పెరుగుతున్న ఐదేళ్ల పాపకు నల్లజాతి కుటుంబాల కథలున్న బొమ్మల పుస్తకాలు ఎలా ఎంచుకోవాలి, తెలుగులో ఎలా చదివి చెప్పాలి అని ఇంతకుముందు అడిగాను. తేలింది ఇదీ.

అట్ట మీద కొరెటా స్కాట్ కింగ్ అవార్డు ముద్ర వెతకడం తేలిక. అది ఆఫ్రికన్ అమెరికన్ రచయితలకు, చిత్రకారులకు ఇచ్చేది. చిత్రకారులకు 1974 నుంచి ఉంది. అయితే పెద్ద పిల్లల నవలలకూ ఇస్తారు, వయసు చూసి తీసుకోవాలి. కాల్డెకాట్ ముద్ర వేరే లెక్క, అది బొమ్మల పుస్తకాల చిత్రకారులకు జాతితో పనిలేకుండా ఇచ్చే అమెరికా అవార్డు: 1963లో అది గెలిచిన ‘ద స్నోయీ డే’లో పిల్లాడు నల్లజాతివాడు, గీసిన ఎజ్రా జాక్ కీట్స్ తెల్లవాడు. పుస్తకం మాత్రం బంగారం.

బానిసత్వం కథలతో మొదలుపెట్టొద్దని నాకు వచ్చిన సలహా సరైనదే. చరిత్రంతా సంకెళ్లేనని పిల్లలు అనుకుంటారు. ముందు జడలు, అమ్మమ్మ వంట, మేడ మీద రాత్రులు. ఫెయిత్ రింగ్‌గోల్డ్ ‘టార్ బీచ్’ (1991) ఇక్కడ చక్కగా కుదురుతుంది: 1939 నాటి హార్లెమ్ (న్యూయార్క్‌లో నల్లజాతివాళ్ల పేట), డాబా మీద భోజనాలు, ఎగిరే పాప.

తెలుగులో చెప్పేటప్పుడు ‘బానిసలు’ అని వదిలేయకుండా ‘బానిసలుగా మార్చినవాళ్లు’ అనాలి. అప్పుడే పాప ‘ఎవరు మార్చారు?’ అని అడుగుతుంది.