బుగ్గ లోపలి కణాలతో అల్జీమర్స్ తెలిసిపోతుందా?

ప్రశ్న (పలాస నుంచి): మా అత్తమ్మకి 70 దాటాయి. జీడిపప్పు పొట్టు ఒలవడంలో ఆవిడ చేతి వేగం మా వీధిలో ఎవరికీ లేదు. ఈమధ్య పప్పు చేతిలో పట్టుకుని "దీన్నేం చెయ్యాలే?" అని నన్నే అడుగుతోంది. మా మరిది ఫోన్లో ఏదో కిట్ చూశాడు. బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది పంపితే అల్జీమర్స్ ఉందో లేదో చెప్పేస్తారట. తెప్పించమంటారా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు (ల్యాబ్ టెక్నీషియన్, విజయనగరం): కంగారుపడి డబ్బు కట్టకండమ్మా. ఇంటికి పంపే అలాంటి కిట్లు మామూలుగా చూసేది ఏపీఓఈ అనే జన్యువుని. అందులో ఈ4 రకం ఉంటే జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ, అంతవరకే. అది ఉన్నా జబ్బు రానివాళ్లున్నారు, లేకపోయినా వచ్చినవాళ్లున్నారు. ఆవిడ ఇప్పుడెందుకు మరిచిపోతున్నారో ఆ కిట్‌తో తెలియదు.

అలాగని బుగ్గ కణాల సంగతి ఉత్త పుకారూ కాదు. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ వాళ్లు 2007లోనే అల్జీమర్స్ రోగుల బుగ్గ కణాలను మైక్రోస్కోపు కింద పరీక్షించారు. కొత్త కణాలను పుట్టించే అడుగు పొర కణాలు వాళ్లలో తక్కువగా కనిపించాయి. కానీ వయసు పెరిగినా, పొగాకు వాడినా ఆ కణాలు మారతాయి. అందుకే అది ఇంకా పరిశోధన దగ్గరే ఉంది, డాక్టర్లు దాన్నిబట్టి జబ్బు తేల్చరు. ఇంతకీ అత్తగారికి అడ్డపొగ అలవాటుందా?

ప్రశ్న అడిగినవారు: అయ్యో, నిన్నమొన్నటిదాకా చుట్ట వెలిగించి నిప్పు లోపలికి పెట్టుకునే కాల్చేది!

జవాబు (విజయనగరం): చూశారా! మన శ్రీకాకుళం వైపు పెద్దవాళ్ల నోటి కణాలు చూసి మెదడు సంగతి చెప్పడం అంత తేలిక కాదు. ఆ అలవాటు ఉందన్నారు కాబట్టి పంటి డాక్టరుకి అంగిలి కూడా చూపించండి. అది వేరే భయం, నోటి క్యాన్సర్‌ది.

మరొకరు (రిటైర్డ్ స్టాఫ్ నర్సు, కవిటి): ముందు బీ12, థైరాయిడ్, షుగర్, సోడియం చూపించండి. వీటిలో తేడా ఉన్నా మతిమరుపు వస్తుంది, మందులతో చాలావరకు సర్దుకుంటుంది. మనది కిడ్నీ జబ్బులెక్కువున్న ఉద్దానం పక్క కాబట్టి కిడ్నీ సంగతి చెప్పే క్రియాటినిన్ కూడా తప్పనిసరి. అల్జీమర్స్‌లో రక్తంలో పెరిగే పీటౌ217 అనే ప్రోటీన్‌ని చూసే పరీక్ష ఒకదానికి 2025లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అయితే కిడ్నీ దెబ్బతింటే రక్తంలో ఆ పీటౌ దానంతటదే పెరగొచ్చు. కిడ్నీ సంగతి తెలియకుండా ఆ రిపోర్టు చూస్తే లేనిపోని భయం.

చెవి సరిగా వినపడుతోందా? ఈమధ్య పడి తలకు దెబ్బేమైనా తగిలిందా? రోజూ వేసే మాత్రలేంటి? నిద్రమాత్రలు, దురదకి వేసే కొన్ని మాత్రలు పెద్దవాళ్లని మబ్బులో పెడతాయి.

ప్రశ్న అడిగినవారు: దురద మాత్ర రోజూ రాత్రి వేస్తోంది! మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నదే. కిట్ వద్దని మరిదికి చెప్పేశాను. సోమవారం శ్రీకాకుళం రిమ్స్ ఆసుపత్రికి తీసుకెళ్తాం.

రిటైర్డ్ నర్సు: ఆ మాత్ర అట్టతోనే పట్టుకెళ్లండి. ఏ పని ఎప్పటినుంచి మరిచిపోతోందో ఒక కాగితం మీద రాసుకుని, మీరే పక్కన కూర్చుని చెప్పండి. ఆవిణ్ణి అడిగితే "నాకేటయింది, బాగానే ఉన్నాను" అంటుంది. అక్కడ న్యూరాలజీకి చూపించమంటే విశాఖ కేజీహెచ్ ఉంది.