బల్లార్షా ఎండలో రెండు 3090లకు వాటర్ లూప్: పనికొస్తుందా, డబ్బు నీళ్లపాలేనా?

బల్లార్షా_రెండర్
అందరికీ నమస్తే. మాది చంద్రపూర్ జిల్లా. బ్లెండర్ (3డీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్) పనికి ఒకే కేబినెట్‌లో రెండు ఆర్‌టీఎక్స్ 3090 గ్రాఫిక్స్ కార్డులు నడుపుతున్నాను. రెండూ ఆనుకుని ఉండడంతో పై కార్డుకు గాలి ఆడట్లేదు, మెమరీ వేడి వంద దాటుతోంది. రెండు కార్డులకూ ప్రాసెసర్‌కూ కలిపి కస్టమ్ లూప్ (గొట్టాల్లో నీళ్లు తిరుగుతూ వేడిని రేడియేటర్‌కు చేర్చే ఏర్పాటు) వేద్దామని ఉంది. రెండు 360 మి.మీ. రేడియేటర్లు, ఒక డీ5 పంపు, హార్డ్ ట్యూబ్ (గట్టి గొట్టం). మేలో ఇక్కడ 45 డిగ్రీలు మామూలే. గదిలో ఏసీ లేదు, కూలరే. మీరేమంటారు?

దెగ్లూర్_తమ్ముడు
వద్దన్నా. రేడియేటర్ ఎంత పెద్దది పెట్టినా నీళ్లు గది గాలికంటే చల్లబడవు. కార్డుకు 350 వాట్లు, రెండింటికీ 700, ప్రాసెసర్ ఇంకో 150 వేసుకో. 850 వాట్లను ఆరు ఫ్యాన్లు బయటికి తోయాలి. చప్పుడు లేకుండా తిప్పితే నీళ్లు గదికంటే పది, పదిహేను డిగ్రీలు ఎక్కువే ఉంటాయి. గది 40 ఉంటే నీళ్లు 55. డీ5కు చెప్పే పరిమితే 60. హార్డ్ ట్యూబ్ పీఈటీజీ ప్లాస్టిక్‌ది అయితే ఆ వేడికి మెత్తబడి ఫిట్టింగ్ దగ్గర జారుతుంది. అది రెండు కార్డుల మీద కారితే? ఆ టెన్షన్ మనకెందుకు? పవర్ లిమిట్ (కార్డు వాడే కరెంటుకు హద్దు) 280 వాట్లకు దించు, మిగిలిన డబ్బుతో ఏసీ కొను.

బరంపురం_మాస్టారు
తమ్ముడి లెక్క సరే, తీర్పు సరికాదు. ఏసీ పెట్టినా రెండు కార్డుల మధ్య సందు పెరగదు కదా. కింది కార్డు వదిలిన వేడి గాలినే పైది పీల్చుకోవాలి. ఫ్యాన్లు తీసి బ్లాకు (చిప్పు మీద బిగించే, లోపల నీళ్లు పారే పలక) వేస్తే కార్డు మందం తగ్గుతుంది, ఆ గొడవే ఉండదు. గది 40 ఉన్నా, నీళ్లు 52 ఉన్నా చిప్పు 70 దగ్గర ఆగుతుంది. ఇప్పటికంటే మేలే.

అయితే ఒక సంగతి ఎవరూ ఎత్తలేదు. 3090లో 24 జీబీ మెమరీలో సగం చిప్పులు బోర్డు వెనకవైపు ఉంటాయి. మామూలు బ్లాకు ముందువైపునే చల్లబరుస్తుంది. మీ బాధ మెమరీతోనే కాబట్టి వెనక పలకకు కూడా నీళ్లు వెళ్లే రకం చూడండి, లేదా మంచి థర్మల్ ప్యాడ్లు (చిప్పు వేడిని పలకకు చేర్చే మెత్తటి పట్టీలు) వేసి ఆ పలక మీదికి ఒక ఫ్యాన్ తిప్పండి. ఇది వదిలేస్తే లూప్ వేసి కూడా తిట్టుకుంటారు.

రాజురా_మెకానిక్
కంపెనీ రేడియేటర్లు ఎందుకు? షెడ్డులో పాత కారు రేడియేటర్ పదోవంతు ధరకు దొరుకుతుంది. గోడ అవతల పెట్టి పైపు లాగితే వేడి గదిలోనే ఉండదు.

దెగ్లూర్_తమ్ముడు
అన్నా, ఇప్పటి కారు రేడియేటర్లు ఎక్కువగా అల్యూమినియం. బ్లాకులు రాగివి. రెండూ ఒకే నీళ్లలో ఉంటే అల్యూమినియం తినేసుకుపోతుంది. పైగా గోడ అవతల 45, లోపల కూలర్ గాలి 30. వేడి గాలి వెతుక్కుంటూ బయటికి వెళ్లడమెందుకు?

రాజురా_మెకానిక్
పాత రాగి, ఇత్తడివి కూడా దొరుకుతాయి తమ్ముడూ. లోపల తుప్పు కడుక్కోవాలి, అంతే. గదిలో 850 వాట్ల హీటర్ పెట్టుకుని కూర్చోవడం మాత్రం నాకు నచ్చదు.

బరంపురం_మాస్టారు
ఆ కూలర్ మాట మాత్రం నిజం. మీ చంద్రపూర్ థర్మల్ స్టేషన్ కూలింగ్ టవర్లలో కొంత నీరు ఆవిరై మిగతాదాన్ని చల్లబరుస్తుంది. అందుకే పొడి ఎండలో అక్కడి నీళ్లు బయటి గాలికంటే చల్లగా దిగగలవు. మన లూప్ మూసిన గొట్టం, దానికా వీలు లేదు. ఆ పని గదిలో కూలర్ చేస్తుంది. మా బరంపురంలో సముద్రపు ఉక్క, కూలర్ వేస్తే చెమట తప్ప చల్లదనం రాదు. మీకు మే నెలలో అది వరం. వానాకాలంలో కూలర్ పనిచేయకపోయినా గదే చల్లబడుతుంది. తేమ గురించి భయం వద్దు, లూప్ గదికంటే వెచ్చగా ఉన్నంతసేపు దాని మీద నీరు పట్టదు. కూలర్ తుంపర మాత్రం కేబినెట్ మీద పడకూడదు.

బల్లార్షా_రెండర్
మాస్టారూ, నీళ్లు ముందు ఏ కార్డులోకి పంపాలి? రెండోదానికి వేడి నీళ్లే అందుతాయని భయం.

బరంపురం_మాస్టారు
నిమిషానికి 4 లీటర్లు పారితే 700 వాట్లకు నీళ్లు పెరిగేది రెండున్నర డిగ్రీలే. ఏ వరసైనా ఒకటే, పైపు తక్కువ పట్టే దారి చూడండి.

బల్లార్షా_రెండర్
అయితే లూపే వేస్తాను, పవర్ లిమిట్ 280 కూడా పెడతాను. హార్డ్ ట్యూబ్ మానేసి ఈపీడీఎం రబ్బరు మెత్తటి పైపు. రెండు 360లకు బదులు ఒక 360, ఒక 480 పట్టే కేబినెట్ చూస్తున్నాను. నీళ్లు పోసేముందు గాలి పంపుతో లీకు పరీక్ష చేస్తాను.

దెగ్లూర్_తమ్ముడు
నేనింకా ఏసీ పక్షమే. రేడియేటర్ ముందు జాలీ ఫిల్టర్ పెట్టు అన్నా, మీ ఊరి బొగ్గు దుమ్ముకు ఆ రెక్కలు ఊరికే మూసుకుపోతాయి.