అప్‌డేట్: పాప తీపి మారాం వెనుక అసలు కారణం తెలిసింది

రాత్రి భోజనం ముట్టకుండా తీపి కోసమే మారాం చేసే మా అయిదేళ్ల పాప గురించి మూడు నెలల క్రితం ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. తినేవీ తాగేవీ వారం పాటు రాసిపెట్టమన్న సలహాయే దారి చూపింది. ఆ కాగితం చూసిన పిల్లల వైద్యురాలు చాక్లెట్లను వదిలేసి, సాయంత్రం ఇచ్చే పండ్ల రసం, పాలలో కలిపే తీపి పొడి దగ్గర వేలు పెట్టి ఆగారు. ఇంట్లో తీసినదైనా సరే, రసంలోని చక్కెరను కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాలు పరిమితం చేయవలసిన చక్కెరల్లోనే లెక్కిస్తాయని, రోజువారీ మొత్తం శక్తిలో వాటి వాటా 10 శాతం లోపే ఉండాలని నాకు అప్పుడే తెలిసింది. పొడిని కొంచెం కొంచెంగా తగ్గించి, రసం బదులు పండే కోసి ఇచ్చాము. మూడో వారానికి రాత్రి కంచం ఖాళీ కాసాగింది. ఈ మారాంకు కడుపులో నులిపురుగులే కారణమేమోనన్న అనుమానం నిజం కాదు, పరీక్షలో ఏమీ కనబడలేదు.