సెప్టెంబరు సభలో పిల్లల గంట: ఏం చెబుదాం, ఎవరు చెబుతారు?

అందరికీ నమస్కారం. 1948లో నిజాం భారత సైన్యానికి లొంగిపోయిన రోజు గుర్తుగా జరిపే సెప్టెంబరు 17 సభలో పది నుంచి పదిహేనేళ్ల పిల్లలకు ఒక గంట కేటాయించాలని అనుకున్నాం కదా, ఆ గంటలో ఏం చెప్పాలో ఇక్కడే తేల్చుకుందాం. నిజాం పాలన, సాయుధ పోరాటం, పోలీసు చర్య (హైదరాబాద్‌పై భారత సైన్యం చర్య) అంటూ అంతా ఏకరువు పెడితే పిల్లలకు ఒక్క ముక్కా గుర్తుండదు. ఒక్క ఊరు, ఒక్క రోజు చాలునని నా అభిప్రాయం. ఆ ఊరు బైరాన్‌పల్లి కావాలి. ఇప్పుడది సిద్దిపేట జిల్లాలోకి వెళ్లినా, మన పెద్దల నోట అది వరంగల్ జిల్లా ఊరే.

అంతకుముందు నిజాం పక్షాన పోరాడే ప్రైవేటు సాయుధ దళమైన రజాకార్ల దాడులను వడిసెలలతో, నాటు తుపాకులతో తిప్పికొట్టిన ఆ ఊరి రక్షక దళం, 1948 ఆగస్టు 27న వాళ్లు నిజాం సైనికులను వెంటబెట్టుకుని వచ్చినప్పుడు నిలవలేకపోయింది. ఊరివాళ్లు కాపలా కాసిన బురుజు నేటికీ ఉంది. చనిపోయినవారు తొంభై పైచిలుకని కొందరు, వంద దాటారని కొందరు చెబుతారు. ఒక అంకెను కంఠస్థం చేయించే బదులు, ఈ తేడా ఎందుకు వచ్చిందో పిల్లలనే అడుగుదాం: ఆ రోజు లెక్క రాసేవాళ్లెవరు, కాల్చినవాళ్లా, శవాలు మోసినవాళ్లా?

పిల్లలకు రజాకార్ల వేషాలు వేసి నాటిక ఆడించాలన్న ప్రతిపాదనకు మాత్రం నేను ఒప్పుకోలేను. ఆ వేషం చూసిన పిల్లవాడు సోమవారం బడిలో పక్కన కూర్చునే ముస్లిం స్నేహితుణ్ని ఏ కంట చూస్తాడో మనమే ఆలోచించాలి. రజాకార్లను ఎదిరించినవాళ్లలో ముస్లింలూ ఉన్నారు: భారత్‌లో విలీనం కావాలని రాసినందుకు ఉర్దూ పత్రిక ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను హైదరాబాద్‌లో రజాకార్లు చంపింది బైరాన్‌పల్లికి ఐదారు రోజుల ముందే. పోలీసు చర్య తర్వాత ముస్లింలపై జరిగిన హింసలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. ఇది దాచి అది చెబితే, రేపు వాళ్లే ఫోనులో వెతుక్కుని మనల్ని నిలదీస్తారు.

పిల్లల కార్యక్రమాల బాధ్యురాలి జవాబు: అన్నా, మీరన్నది సబబే. అయితే కమిటీ అంచనాల వంటివి పదమూడేళ్లు దాటినవారికే చెబుదాం, చిన్నవాళ్లను వేరే గదిలో కూర్చోబెట్టి బురుజు, వడిసెల బొమ్మలు గీయిద్దాం. శవాల ఫొటోలు ఏ గదిలోనూ వద్దు. కొడుకుల దగ్గరికి వచ్చి ఉన్న పెద్దవాళ్లలో తల్లిదండ్రుల నోట ఆ రోజుల సంగతులు విన్నవారు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు, వారిని మన యాసలోనే మాట్లాడమందాం. పిల్లలకు అర్థం కాని చోట నేను పక్కనుండి చెబుతాను.

హనుమకొండ నుంచి ఒక సభ్యుడు: వదినా, నేను నెలాఖరు దాకా ఇక్కడే ఉంటాను. బైరాన్‌పల్లి వెళ్లి బురుజును నాలుగు వైపులా వీడియో తీస్తాను, ఊరివాళ్లు ఒప్పుకుంటేనే వారి మాటలు రికార్డు చేస్తాను. 1947 సెప్టెంబరు 2న జాతీయ జెండా ఎగరేయబోయిన జనంపై కాల్పులు జరిగిన పరకాల నాకు దగ్గరే కనుక అక్కడి అమరధామం ఫొటోలూ పంపుతాను. వీడియో ఎంత నిడివి ఉండాలో ఆదివారంలోగా చెప్పండి.