అప్‌డేట్: రైడ్‌లో వెనుదిరిగేటప్పుడు తడబడే మా అమ్మాయిల విషయం

బెంగళూరు మారతహళ్లిలో నేను కబడ్డీ నేర్పే అమ్మాయిలు 30 మీటర్లు తిన్నగా చురుగ్గా పరుగెత్తుతున్నా, రైడ్ మధ్యలో దిశ మార్చేటప్పుడు ఎందుకు తడబడుతున్నారని రెండు నెలల క్రితం అడిగాను. ముందు ఆగడం నేర్పమని మీలో చాలామంది చెప్పారు. ఆ సలహా అప్పుడు నాకు అంతగా రుచించలేదు.

మహిళల కోర్టు పొడవు 12 మీటర్లే కావడంతో రైడర్‌కు దక్కేది 6 మీటర్ల సగభాగమేనని, అందులో పూర్తి వేగం అందుకోకముందే బ్రేకు వేయవలసి వస్తుందని లెక్క చూసుకున్నాక గాని నా పొరపాటు అర్థం కాలేదు. మొదటి మూడు వారాలు తక్కువ ఎత్తు పెట్టె మీది నుంచి దిగి, మోకాళ్లు లోపలికి వాలకుండా నిలబడడం, ఒంటికాలిపై పక్కకు గెంతి నిలదొక్కుకోవడం మాత్రమే చేయించాను. తర్వాత రెండు గుర్తుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే షటిల్ పరుగులు మొదలుపెట్టి, చివరగా ఎదుటి అమ్మాయి చేతి సైగను బట్టి దిశ మార్చే సాధన జోడించాను, ఎందుకంటే ముందే తెలిసిన మలుపు వేరు, డిఫెండర్ కదలికను చూసి తిరగడం వేరు. ప్రయత్నాల మధ్య పూర్తి విశ్రాంతి ఇవ్వడం కూడా కలిసివచ్చింది. ఇదివరకు సరైన విశ్రాంతి లేకుండా వేగమని నేను చేయించినది నిజానికి దమ్ము పెంచే సాధన.

ఇప్పుడు ఎడమవైపు మలుపులు చక్కబడ్డాయి. ఇద్దరికి కుడివైపు తిరిగేటప్పుడు ఒళ్లు కిందికి వంగి ఉండకుండా ఇంకా పైకి లేస్తోంది.