మూడో గేర్లో ఇంజిన్ ఆగింది, టైమింగ్ బెల్టేనా? (1986 పోర్షే 944)

పాతబండి: నిన్న మూడో గేర్లో వెళ్తుంటే ఇంజిన్ ఠక్కున ఆగిపోయింది. పక్కకు తీసి రెండుసార్లు స్టార్ట్ కొట్టాను. స్టార్టర్ గిర్రున తిరుగుతోంది గానీ మామూలుగా ఉండే ఊపు లేదు. బెల్ట్ వేయించి ఏడేళ్లయింది, తిరిగింది పదివేల కిలోమీటర్లే. కవర్ విప్పకుండా తెలుసుకోవచ్చా?

నూనెచేతులు: ముందు తాళం తీసి జేబులో పెట్టుకోండి. 944ది ఇంటర్‌ఫియరెన్స్ ఇంజిన్. టైమింగ్ బెల్ట్ తెగి, వాల్వులు తెరిచే క్యామ్ ఆగి, పిస్టన్లను ఆడించే క్రాంక్ మాత్రం తిరిగితే పిస్టన్ వచ్చి తెరిచి ఉన్న వాల్వును కొడుతుంది. బెల్ట్‌కు కిలోమీటర్లే కాదండీ, వయసు కూడా లెక్కే.

మియాటా_90: మరీ భయపెట్టకండి. నా మాజ్డా మియాటా 1.6కి బెల్ట్ తెగితే కొత్తది వేశాను, అదే రోజు రోడ్డెక్కింది.

నూనెచేతులు: 1.6లో పిస్టన్, వాల్వు తగలవు. ఆయన అడిగింది మీ బండి గురించి కాదు.

మియాటా_90: అనుభవం చెప్పడం కూడా తప్పేనా?

రిలేబాధితుడు: డీఎంఈ రిలే (ఇంజిన్ కంప్యూటర్‌కు, పెట్రోల్ పంపుకు కరెంటు ఇచ్చే స్విచ్) చూశారా? అందులో సోల్డర్ పగిలితే పెట్రోల్ పంపు, ఇంజెక్షన్ రెండూ పడుకుంటాయి. నేను అది తెలియక పంపు మార్చాను, ఫిల్టర్ మార్చాను, చివరికి బండి అమ్మేద్దామనుకున్నాను. ఇప్పుడు డాష్‌బోర్డులో ఎప్పుడూ ఒకటి స్పేర్ ఉంటుంది.

నూనెచేతులు: రిలే పోతే కంప్రెషన్, అంటే సిలిండర్లో ఒత్తిడి, ఎందుకు పోతుంది? ఊపు లేదని ఆయన మొదట్లోనే చెప్పారు కదా.

ముప్పైఏళ్ల_స్పానర్: ఇంత చర్చ దేనికి? ప్లగ్గులకు స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీయండి. ఈ బండిలో దాని లోపల తిరిగే రోటర్ క్యామ్ చివరే ఉంటుంది. క్రాంక్ బోల్టుకు సాకెట్ పెట్టి సవ్యదిశలో చేత్తో కొంచెం తిప్పండి. రోటర్ కదలకపోతే బెల్ట్ పోయినట్టే. అడ్డు తగిలితే అక్కడితో ఆపేయండి. కొత్త బెల్ట్ వేశాక టెన్షన్ నేనైతే వేళ్లతో మెలితిప్పి చూస్తాను. ఇన్నేళ్లలో గేజ్ ముట్టుకున్నది లేదు.

గేజ్_మనిషి: ఈ మాట విని ఎన్ని ఇంజిన్లు పాడయ్యాయో! బిగువు తనే పెట్టే స్ప్రింగ్ టెన్షనర్ వచ్చింది 1987 నుంచి. ఆయనది 86, కొలిచే పెట్టాలి. బెల్ట్ బిగువు కొలిచే పోర్షే పీ9201 గేజ్ ఊరికే తయారు చేశారా? బిగువెక్కితే వాటర్ పంపు బేరింగ్ పోతుంది, వదులైతే పళ్లు దాటుతుంది.

ముప్పైఏళ్ల_స్పానర్: గేజ్ కొన్న ప్రతివాడూ మెకానిక్కే. మీరెన్ని బెల్టులు వేశారు?

గేజ్_మనిషి: నాలుగు. నాలుగూ నడుస్తున్నాయి.

మియాటా_90: వాటర్ పంపు అంటే గుర్తొచ్చింది, బెల్ట్‌తో పాటే మార్చాలా? నాది కారుతోంది.

పాతబండి: రోటర్ కదల్లేదు. కవర్ కూడా విప్పేశాను. క్రాంక్ దగ్గర బెల్ట్ పళ్లు మొత్తం ఊడిపోయాయి, బ్యాలెన్స్ షాఫ్ట్ (ఇంజిన్ వణుకు తగ్గించేది) బెల్ట్ పోగులు అందులో చుట్టుకుని ఉన్నాయి. ఇప్పుడు హెడ్ దించాల్సిందేనా?

నూనెచేతులు: ఆగండి. కొత్త బెల్ట్ వేసి, గుర్తులు కలిపి, సిలిండర్లోకి గాలి ఎక్కించి ఎక్కడ కారుతోందో చూసే లీక్‌డౌన్ పరీక్ష చేయండి. ఇన్‌టేక్‌లోనో సైలెన్సర్‌లోనో గాలి బుస్సుమంటే అప్పుడు దించండి.

గేజ్_మనిషి: ఆ బ్యాలెన్స్ బెల్ట్ టెన్షన్ పెట్టిందెవరు?

పాతబండి: గ్యారేజీ అతను. వేళ్లతోనే చూశాడు.

ముప్పైఏళ్ల_స్పానర్: ఎవరి వేళ్లన్నది కూడా చూసుకోవాలి మరి.